కాన్పు సాయం: ఈఎస్‌ఐనా, కంపెనీ సెలవా, మాతృ వందనమా?

నెల తప్పిందని తెలిసిన వారం తిరక్కుండానే సలహాలు మొదలవుతాయి. "అంగన్‌వాడీలో పేరు రాయించు, ఐదు వేలు వస్తాయి" అని పక్కింటి పిన్నిగారు. "మీ కంపెనీ ఆరు నెలల జీతం ఇస్తుందిగా, అవన్నీ నీకెందుకు" అని ఆడపడుచు. "పురుడు మనింట్లోనే కదా, కాగితాలన్నీ ఇక్కడే చేయిద్దాం" అని అమ్మ. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎవరి మాట ఎంతవరకు వినాలో తేల్చుకోవడానికే ఈ పోలిక. ఆంధ్రప్రదేశ్‌లో ఉండే కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాశాను.

ముందే ఒక మాట. "ఏ పథకంలో ఎక్కువ వస్తుంది?" అని అడిగితే దారి తప్పుతాం. నగదు సాయంలో మనం కోరి ఎంచుకునేది తక్కువ. తల్లి చేసే ఉద్యోగమే చాలావరకు దాన్ని నిర్ణయిస్తుంది. నిజంగా మన చేతిలో ఉన్నవి వేరే: కాన్పు ఎక్కడ, పేరు నమోదు ఎక్కడ, డబ్బు ఏ ఖాతాలోకి, బిడ్డ కాగితాలు ఏ వరుసలో. జనం ఏ పథకమన్నదాని గురించి నెలల తరబడి మాట్లాడుకుని, వీటిని చివరి వారానికి వదిలేస్తారు.

ముందు చూసుకోవాల్సినవి

తల్లి పేరు మీద ఈఎస్‌ఐ (జీతంలోంచి కొంత చందా కట్టి వైద్యం, ప్రసూతి డబ్బు పొందే ఉద్యోగుల బీమా) చందా కడుతున్నారా, లేక పది మందికి పైగా పనిచేసే సంస్థలో ఆమె ఉద్యోగమా, లేక ఇల్లు, పొలం, కూలి పనా? ఇది మొదటి ప్రశ్న. భర్త ఉద్యోగం ఇక్కడ లెక్కలోకి రాదు. తర్వాత, ఇది ఎన్నో కాన్పు? మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ నిబంధనలు వేరు. ఆ తర్వాత గడువులు. ఆఖరున, ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్కులో, ఆసుపత్రి రికార్డులో తల్లి పేరు ఒకేలా ఉందా? ఆఖరున చెప్పాను కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. డబ్బు ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే.

నగదు: మూడు దారులు

| | ఈఎస్‌ఐ | యజమాని ఇచ్చే ప్రసూతి సెలవు | మాతృ వందన యోజన |
|---|---|---|---|
| ఎవరికి | నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి చందా కట్టే మహిళకు | పది మందికి పైగా ఉన్న సంస్థలో, ఈఎస్‌ఐ పరిధిలో లేని ఉద్యోగినికి | పై రెండూ లేని అర్హులైన తల్లులకు |
| ఎంత | 26 వారాలు పూర్తి సగటు వేతనం | 26 వారాలు పూర్తి సగటు వేతనం | మొదటి బిడ్డకు 5,000. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 |
| ముఖ్య షరతు | ముందరి రెండు చందా కాలాల్లో 70 రోజుల చందా | కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజుల పని | గర్భం నమోదు, పరీక్ష, టీకాలు |
| ఇచ్చేది | ఈఎస్‌ఐ కార్పొరేషన్ | సంస్థ | ప్రభుత్వం, నేరుగా తల్లి ఖాతాకు |

పట్టికలో ఒకదాని పక్కన ఒకటి ఉన్నంత మాత్రాన మూడింటికీ చేయి చాపలేం. చట్టం ప్రకారం ఇలాంటి ప్రసూతి సాయం ఇప్పటికే అందుకుంటున్న ఉద్యోగినికి, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల్లోనూ ప్రభుత్వ రంగ సంస్థల్లోనూ రెగ్యులర్ ఉద్యోగం చేసే మహిళకు మాతృ వందన వర్తించదు.

*ఈఎస్‌ఐ.* దుస్తుల షాపులో, గార్మెంట్ యూనిట్‌లో, ప్రైవేటు ఆసుపత్రిలో, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద పనిచేసే ఆడవాళ్లలో చాలామందికి తమ జీతంలోంచి 0.75 శాతం కట్ అవుతోందని తెలుసు, దానికి ఏం వస్తుందో తెలియదు. యజమాని మరో 3.25 శాతం కడతాడు. నెలకు 18,000 జీతం ఉన్న మహిళకు 26 వారాలంటే 182 రోజులు, రోజుకు 600 చొప్పున లక్షా తొమ్మిది వేల పైచిలుకు. ఐదు వేల దగ్గర పెట్టి చూస్తే తేడా అర్థమవుతుంది. అంగన్‌వాడీలో పేరు లేదని బాధపడుతూ, ఈఎస్‌ఐ క్లెయిమ్ పెట్టని వాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక్కడ ప్రమాదం 70 రోజుల షరతుతోనే. చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. నాలుగో నెలలో వాంతులు తట్టుకోలేక ఉద్యోగం మానేయాలనుకుంటే, ముందు ఈ రోజులు లెక్క వేసుకోవాలి. జీతం మధ్యలో 21,000 దాటితే కంగారు పడక్కర్లేదు. నడుస్తున్న చందా కాలం ముగిసేదాకా ఈఎస్‌ఐలోనే ఉంటారు. క్లెయిమ్ బ్రాంచి ఆఫీసులో ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. ఇద్దరు పిల్లలు ఉండగా మూడో కాన్పు అయితే 26 వారాలు 12 వారాలకు తగ్గుతుంది. యజమాని ఇచ్చే సెలవుకూ ఇదే నిబంధన.

చందా కట్టేది భర్త అయితే లెక్క మారిపోతుంది. భార్యకు ఈఎస్‌ఐ వైద్యం అందుతుంది కానీ 26 వారాల డబ్బు రాదు. అయితే ఆమె తన ఉద్యోగం మీద ఏ సాయమూ పొందడం లేదు కాబట్టి, మిగతా అర్హత ఉంటే మాతృ వందనకు దరఖాస్తు చేసుకోవచ్చు. "మావారికి ఈఎస్‌ఐ ఉంది, మాకు రాదట" అని వెనక్కి తగ్గకండి.

*యజమాని ఇచ్చే సెలవు.* 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి 12 వారాలను 26 చేశారు. సామాజిక భద్రతా కోడ్‌లోకీ ఈ నిబంధననే తెచ్చారు. 26లో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. నా సలహా: డాక్టరు వద్దనకపోతే ముందు తక్కువ, తర్వాత ఎక్కువ ఉంచుకోండి. బిడ్డ పుట్టాక నాలుగో నెల, ఐదో నెల గడిచే తీరు అలా ఉంటుంది మరి.

హెచ్‌ఆర్‌తో నోటి మాటలు వద్దు. సెలవు ఎప్పటి నుంచి కావాలో రాసి ఇవ్వండి, మెయిల్ అయినా సరే. కాన్పుకు ముందు భాగం డబ్బు ముందే ఇవ్వాలి, మిగతాది కాన్పు రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలి అని చట్టంలో ఉంది. సెలవులో ఉండగా ఉద్యోగం నుంచి తీసేయడం చట్ట విరుద్ధం. "నువ్వు కాంట్రాక్టు మీద ఉన్నావు, నీకు లేదు" అని చెప్పే సంస్థలు ఉంటాయి. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద, అంటే పర్మినెంట్ కాకుండా రోజువారీ హాజరు పట్టీ మీద పనిచేసే మహిళల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే ఆ వాదనను కొట్టేసింది. యాభై మందికి పైగా ఉన్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం కూడా ఉండాలి. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి మాత్రం చట్ట ప్రకారం సెలవు లేదు. కంపెనీ ఇస్తే ఉన్నట్టు.

*మాతృ వందన.* 2017లో మొదలైన పథకం ఇది. 2022 ఏప్రిల్ నుంచి నియమాలు మారాయి. మొదటి బిడ్డకు రెండు విడతలు: గర్భం నమోదై, ఆరు నెలల్లోపు కనీసం ఒక పరీక్ష జరిగాక 3,000, బిడ్డ పుట్టుక నమోదై, మొదటి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. ఈ టీకాలు పద్నాలుగో వారానికి ముగుస్తాయి. అందుకే రెండో విడత కోసం పురుటి నెలలోనే అంగన్‌వాడీ చుట్టూ తిరగడం దండగ.

అర్హతకు ఏదో ఒక ఆధారం ఉంటే చాలు: ఎస్సీ, ఎస్టీ, 40 శాతం పైన వైకల్యం, ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన రేషన్ కార్డు, ఆయుష్మాన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, కిసాన్ సమ్మాన్ లబ్ధి, లేదా కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపు అని ధ్రువపత్రం. ఇంట్లో ఏది సిద్ధంగా ఉంటే అదే పెట్టండి. జాబ్ కార్డు బీరువాలో పెట్టుకుని ఆదాయ ధ్రువపత్రం కోసం క్యూలో నిలబడక్కర్లేదు.

రెండో బిడ్డ విషయంలో చాలామంది పొరబడతారు. ఆడపిల్ల పుడితేనే డబ్బు కాబట్టి పుట్టాక చూద్దాంలే అనుకుంటారు. కానీ గర్భిణిగా ఉండగానే నమోదు చేయించుకోవాలి. ఎవరు పుడతారో ముందు తెలుసుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం కాబట్టి, రెండో కాన్పుకు అందరూ నమోదు చేయించుకోవడమే దారి. ఆడపిల్ల అయితే 6,000 ఒకే విడతగా వస్తుంది. రెండో కాన్పులో కవలలు పుట్టి, వాళ్లలో ఒక్కరైనా ఆడపిల్ల అయినా వర్తిస్తుంది. గర్భస్రావం జరిగితే పథకం చేజారినట్టు కాదు, మళ్లీ గర్భం దాల్చినప్పుడు కొత్త లబ్ధిదారుగానే చూస్తారు. దరఖాస్తుకు గడువు బిడ్డ పుట్టిన 270 రోజులు.

వీటితో సంబంధం లేకుండా ఉన్నది జననీ సురక్ష యోజన. 2005 నాటిది. ఎస్సీ, ఎస్టీ, దారిద్య్ర రేఖకు దిగువన ఉన్న తల్లి ఆసుపత్రిలో ప్రసవిస్తే, ఆంధ్రలాంటి రాష్ట్రాల్లో పల్లెల్లో 700, పట్టణాల్లో 600. మొత్తం చిన్నది. దీనికోసం ఆసుపత్రి మార్చుకోవాల్సిన పని లేదు. వస్తే తీసుకోవాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరున్న కుటుంబాలు మాత్రం ఆ బోర్డు ప్రసూతి సాయం గురించి విడిగా అడగాలి.

కాన్పు ఎక్కడ: అసలు డబ్బు ఇక్కడే ఉంది

చేతికొచ్చే నగదు కన్నా, చేతిలోంచి పోకుండా ఆగే డబ్బు పెద్దది. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో సాధారణ కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం అన్నీ ఉచితం. సాధారణ కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజుల వరకు భోజనం. వెళ్లడానికి 108, తిరిగి ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. బిడ్డకు జబ్బు చేస్తే ఏడాది వయసు దాకా వైద్యం కూడా ఇందులోనే. దీనికి రేషన్ కార్డు అడగరు.

ప్రైవేటు ఆసుపత్రిలో గది, ఏకాంతం, ఎప్పుడూ చూసే డాక్టరే కాన్పు చేస్తారన్న భరోసా ఉంటాయి. ఆ భరోసాకు విలువ ఉంది, కాదనను. కానీ "ఎన్టీఆర్ వైద్య సేవలో అయిపోతుందిలే" అని అనుకుని వెళ్లకండి. ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా, మీ కాన్పు ప్యాకేజీలో ఉందా అన్న రెండు ప్రశ్నలూ అక్కడి ఆరోగ్యమిత్రను ఏడో నెలలోనే అడగాలి. నొప్పులు మొదలయ్యాక అడిగితే ఎవరూ తీరిగ్గా చెప్పరు.

ఈఎస్‌ఐ కార్డుంటే మూడో దారి ఉంది. విజయవాడ గుణదల, తిరుపతి, రాజమండ్రి, విశాఖల్లో ఈఎస్‌ఐ ఆసుపత్రులున్నాయి. దగ్గర్లో ఈఎస్‌ఐ ప్రసవ సౌకర్యం లేని చోట కాన్పు అయితే ఖర్చుల కింద 7,500 ఇస్తారు. చందా కట్టేది భర్త అయినా ఇది వర్తిస్తుంది.

ఎలా తేల్చుకోవాలి? రక్తపోటు, షుగర్, ముందు సిజేరియన్ లాంటి చిక్కులుంటే అన్ని రకాల నిపుణులు, పసిబిడ్డల ప్రత్యేక విభాగం ఉన్న జిల్లా లేదా బోధనాసుపత్రిని ముందే చూసి పెట్టుకోవడం మేలు, మామూలు పరీక్షలు వేరే చోట చేయించుకుంటున్నా సరే. ఏ చిక్కూ లేని మొదటి కాన్పు అయితే ఇంటికి దగ్గర, ఇరవై నాలుగు గంటలూ డాక్టరు ఉండే చోటు. ప్రభుత్వ వైద్యాన్ని ఒకసారి చూసి తేల్చుకుందామనుకునే వాళ్లకు ప్రతి నెలా 9వ తేదీ మంచి అవకాశం. ఆ రోజు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులను డాక్టరే ఉచితంగా చూస్తారు. మాతృ వందనకు కావాల్సిన పరీక్ష కూడా దీంతో రికార్డవుతుంది. ఎక్కడ ప్రసవించినా మాతృ వందన పోదు. దానికి ప్రభుత్వ ఆసుపత్రే అన్న షరతు లేదు.

అత్తవారి ఊరా, పుట్టినిల్లా?

మన దగ్గర మొదటి కాన్పు పుట్టింట్లో. దాంతో కాగితాలు రెండు ఊళ్ల మధ్య చీలిపోతాయి. ఏది ఎక్కడ అన్నది ముందే పంచుకోవాలి.

గర్భం నమోదు: మొదటి మూడు నెలలు ఎక్కడుంటే అక్కడే. సాధారణంగా అత్తవారి ఊరి ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ దగ్గర. పుట్టింటికి వెళ్లాక చేయిద్దామని ఆగితే ఏడో నెల వస్తుంది, మొదటి విడత షరతు తప్పుతుంది.

తల్లీబిడ్డల రక్షణ కార్డు ఎక్కడికైనా చెల్లుతుంది. పుట్టింటి ఊళ్లో టీకాలు వేయించినా దాంట్లోనే రాయించండి, ఇంకో కార్డు తీసుకోవద్దు. రెండు కార్డులంటే రెండు నంబర్లు, సాయం ఆగడానికి సాకు.

అంగన్‌వాడీ పోషకాహారం మాత్రం ఉన్న చోటే అందుతుంది. గర్భిణికీ, బిడ్డకు ఆరు నెలలు వచ్చేదాకా తల్లికీ ఇస్తారు, ఏడో నెల నుంచి బిడ్డకు బాలామృతం. మూడు నాలుగు నెలలు పుట్టింట్లో ఉండే పనైతే పేరు మార్పించుకోవాలి. పది రోజులకైతే ఆ శ్రమ ఎందుకు?

పుట్టుక నమోదులో మనకు ఎంపిక లేదు. బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి పంచాయతీ లేదా మున్సిపాలిటీలోనే. శాశ్వత చిరునామా అత్తవారిది రాసుకోవచ్చు, సర్టిఫికెట్ వచ్చేది మాత్రం పుట్టిన ఊరి నుంచి. అందుకని పుట్టింటి నుంచి తిరిగి వచ్చే ముందే దాన్ని చేతికి తీసుకోండి.

ఏ ఖాతా?

మాతృ వందన డబ్బు మీరు ఫారంలో రాసిన ఖాతాకు వస్తుందనుకుంటారు. అసలైతే ఆధార్‌తో చివరగా ఏ బ్యాంకు లింకైందో అక్కడికి వెళుతుంది. పెళ్లికి ముందు కాలేజీ స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా అయి ఉండొచ్చు, అది మూలపడి ఉండొచ్చు. నమోదుకు ముందే బ్యాంకులో అడిగి చూసుకోండి. కొత్తది కావాలంటే పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా సులువు, పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి తెరుస్తాడు. భర్త ఖాతా, ఉమ్మడి ఖాతా ఆలోచన వద్దు.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే అలవాటు ఇక్కడ ఇరకాటం తెస్తుంది. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌బుక్కులో అత్తింటిది ఉంటే, రెండిట్లో ఒకటి మార్చేదాకా పని జరగదు. ఏది మార్చాలి? తక్కువ కాగితాలు అడిగేదాన్ని మార్చి, రెండోదాన్ని అలాగే ఉంచండి. చాలాసార్లు అది పాస్‌బుక్కు.

బిడ్డ పుట్టాక: పేరుతోనా, పేరు లేకుండానా?

పుట్టుకను 21 రోజుల్లోపు తెలియజేయాలి. ఆసుపత్రిలో అయితే ఆ బాధ్యత వాళ్లది, ఇంట్లో అయితే ఇంటి పెద్దది. బారసాల కూడా ఇరవై ఒకటో రోజునే పెట్టుకునే ఇళ్లలో పేరు తేలకముందే గడువు వచ్చేస్తుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. పేరు లేకుండానే నమోదు అవుతుంది, 12 నెలల్లోపు ఉచితంగా పేరు చేర్పించుకోవచ్చు. తొందరపడి ముద్దుపేరు రాయించి తర్వాత మార్చుకోవడం కన్నా ఇదే నయం.

తల్లిదండ్రుల పేర్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదనుకోండి. డిశ్చార్జికి ముందే ఆసుపత్రి రాసుకున్న అక్షరాలను ఆధార్‌తో పోల్చి చూడండి. ఇక పుట్టుక నమోదే 30 రోజులు దాటితే అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు స్కూలు, పాస్‌పోర్టు, ఓటు అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు ఈ ఒక్క సర్టిఫికెట్టే.

ఆధార్ వెంటనే తీయాలా, ఆగాలా? ఐదేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు, ఫొటోతో తల్లి లేదా తండ్రి ఆధార్‌కు జతచేసి ఉచితంగా ఇస్తారు. సర్టిఫికెట్‌లో పేరు పడేదాకా ఆగమనే అంటాను. పేరు లేకుండా తీస్తే "బేబీ ఆఫ్" అని ఫలానా తల్లి పేరుతో వస్తుంది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే. ఇక రేషన్ కార్డులో బిడ్డ పేరు చేర్చడం సచివాలయంలో, సర్టిఫికెట్, ఆధార్ రెండూ చేతికొచ్చాక ఒకే రోజు పెట్టుకోండి.

మీరు వీళ్లలో ఎవరైతే

షాపులోనో ఫ్యాక్టరీలోనో 21,000 లోపు జీతం: ఈఎస్‌ఐ క్లెయిమే మీ పని. అంగన్‌వాడీలో నమోదు పోషకాహారానికీ టీకాలకూ, మాతృ వందనకు కాదు.

సాఫ్ట్‌వేర్, బ్యాంకు లాంటి ఉద్యోగం, కాన్పుకు ఊరొస్తున్నారు: సెలవు పత్రం బయల్దేరే ముందే ఇవ్వండి. బర్త్ సర్టిఫికెట్ మన ఊరి నుంచే వస్తుంది, బెంగళూరు నుంచి కాదు.

పొలం, కూలి, ఇల్లు: మూడో నెలలోపు నమోదు, ఆధార్ లింకైన సొంత ఖాతా, ప్రభుత్వ ఆసుపత్రి. ఈ మూడూ కుదిరితే చేతికొచ్చే ఐదు వేలూ మిగులే.

పది మంది కూడా లేని చిన్న స్కూలు, క్లినిక్, దుకాణంలో ఉద్యోగం: ఈ వర్గమే రెండు దారుల మధ్యా ఇరుక్కునేది. యజమాని చట్ట ప్రకారం సెలవు జీతం ఇవ్వాల్సిన పని లేదు, ఈఎస్‌ఐ కట్టకపోతే అదీ రాదు. మీకు మాతృ వందన వర్తిస్తుంది. "ఉద్యోగం చేస్తున్నారుగా" అని ఎవరైనా వెనక్కి పంపితే, ఏ ప్రసూతి సాయమూ అందడం లేదని యజమాని చేత ఒక కాగితం రాయించుకుని మళ్లీ వెళ్లండి.